కొత్త టీచరుకు తలకిందుల సలహాలు

తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి. అందులో ఒకటి నాకు దక్కింది. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం అందుకుని, దసరా సెలవులయ్యాక ఉమ్మడి నల్లగొండలోని ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేరాను. బ్లాక్‌బోర్డు పక్కనే గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. దాన్ని చూడగానే సగం పని అయిపోయిందనుకున్నాను. మీలో ఎవరైనా కొత్తగా చేరి అలాంటి ప్యానెల్ ముందు నిలబడితే నేను చెప్పే మొదటి మాట: నెల రోజులు దాన్ని ఆన్ చేయకండి.

శిక్షణలో నాకు చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. మొదటి రోజు నుంచే వాడండి, పిల్లలు అలవాటు పడతారన్నారు. అలాగే వాడాను. పదో తరగతికి విద్యుత్ పాఠం. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో సర్క్యూట్ కట్టేది నాకెంతో ఇష్టం. బ్యాటరీ, తీగ, బల్బు జరిపి కలిపితే తీగలో నీలం రంగు ఎలక్ట్రాన్లు బారులు తీరి కదులుతాయి. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. వారం తర్వాత స్లిప్ టెస్టులో తీగ లోపల ఏం జరుగుతుందో గీయమంటే చాలామంది నీలం గోళీలు గీశారు. ఒకమ్మాయి నీలం పెన్ను లేదని పక్కవాళ్లను అడుక్కుని మరీ గీసింది.

తప్పు ఆ సిమ్యులేషన్‌ది కాదు, ముందుగా దాన్నే చూపించిన నాది. ఎలక్ట్రాన్‌కు రంగు లేదు. మామూలు రాగి తీగలో అది ముందుకు సాగే వేగం సెకనుకు మిల్లీమీటరులో ఏ కొంచెమో, అంతే. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందు నుంచే ఉన్నాయి కాబట్టి. స్విచ్ వేయగానే అన్నీ దాదాపు ఒక్కసారే కదలడం మొదలుపెడతాయి. ఇది అర్థం కావడానికి ఆ బొమ్మ ఎంతో సాయం చేస్తుంది. కానీ అంతకంటే ముందు పిల్ల చేతిలో ఒక టార్చి సెల్లు, రెండు తీగలు, ఒక చిన్న బల్బు ఉండాలి. నాలుగుసార్లు తప్పుగా కలిపి, బల్బు వెలగక విసుగుపడి, ఐదోసారి వెలిగించుకోవాలి. లోపల ఏమవుతుందో అప్పుడు వాళ్లే అడుగుతారు. ప్యానెల్ ఆన్ చేయాల్సింది ఆ క్షణంలో.

నెల రోజులు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ప్యానెల్ వెలుగుతుంటే టీచరు కూడా దాన్నే చూస్తారు. మూడో బెంచీలో ఎవరి ముఖం వాడిపోయిందో కనబడదు. ముందు ఆ ముఖాలు మీకు తెలియాలి.

రెండో సలహా మీ హెచ్‌ఎంకు నచ్చకపోవచ్చు. మూడు నిమిషాల వీడియోకు పీరియడంతా పెట్టండి. ఇది నాకు పదో తరగతి అమ్మాయి నేర్పింది. కోవిడ్‌లో బడులు మూసేసినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు వచ్చాయి. అప్పుడు ఈ పిల్లలు ఐదో తరగతి. భిన్నాలు వాళ్లకు టీవీలోనే పరిచయమయ్యాయి. ఓమ్ నియమం లెక్కలో భాగహారం దగ్గర అందరూ ఆగిపోతుంటే, అప్పట్లో టీవీలో చూశారు కదా అన్నాను. "టీవీల సారు ఆగడు గద మేడమ్. మనకు సమజైనా కాకున్నా పోతనే ఉంటడు" అంది. ఆ రోజుల్లో టీవీ తప్ప దారి లేదు. టీచర్లు ఇంటింటికీ తిరిగి పాఠం చూశారా అని అడిగారు. అయినా ఆ పిల్ల మాట నన్ను వదల్లేదు. నేనూ వీడియో పెట్టి ఆపకుండా చూపించేదాన్నే. ఆపగలిగే మనిషి పక్కనే ఉండి కూడా ఆపలేదు.

ఇప్పుడు పది సెకన్లకోసారి ఆపుతాను. ఏం చూశారు, తర్వాత ఏమవుతుంది, ఎవరెవరు కాదంటున్నారు? చేతులెత్తించి, బోర్డు మీద లెక్క రాసి, అప్పుడు ముందుకు పోనిస్తాను. సిలబస్ వెనకబడుతుంది, నిజమే. వెనకబడనివ్వండి. భిన్నాలు రాని పిల్లకు నిరోధాల లెక్క పూర్తి చేశామని రికార్డులో రాసుకుంటే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

మూడోది అన్నిటికంటే వింతగా వినిపిస్తుంది కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. వీడియో గొంతు నొక్కేయండి. మ్యూట్‌లో పెట్టండి.

మన సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. వీడియోల్లో మాట గబగబా సాగే ఇంగ్లీషు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది వేరు. ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠానికి ఒక వీడియో దొరికింది. తబలా చర్మం మీద సగ్గుబియ్యం పోసి, కొడుతుంటే గింజలు ఎగరడం బాగా నెమ్మదిగా చూపిస్తారు. మాట తీసేసి, ఇదేమిటో మీరే చెప్పండన్నాను. ధ్వని పాఠం చప్పుడు లేకుండా నడిచింది. మొదట నవ్వులు, తర్వాత గుసగుసలు. ఎప్పుడూ నోరు విప్పని ఒకబ్బాయి లేచి, "మేడమ్, మా నాయన డప్పు కొట్టేముందు మంటకు కాపుతడు. ఎందుకట్ల?" అన్నాడు. అని, అనకూడనిది అన్నట్టు చుట్టూ చూసి కూర్చున్నాడు.

వాడు అలా ఎందుకు చూశాడో మన ఊళ్లు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ పూట పాఠం వాడి ప్రశ్న మీదే నడిచింది. తోలు గాలిలో తడి పీల్చుకుని వదులవుతుంది. మంట దగ్గర పట్టుకుంటే తడి ఆరి బిగుస్తుంది. బిగువు పెరిగితే కంపనాలు వేగమవుతాయి, స్వరం పైకి పోతుంది. కానీ ఈ నాలుగు ముక్కలు నేను వెంటనే చెప్పలేదు. రేపు డప్పు తేగలవా అని అడిగాను. మర్నాడు వాళ్ల నాయన తనే తెచ్చారు. పెద్దాయన బడి ఆవరణలో గడ్డి మంట వేసి, డప్పు అటూ ఇటూ తిప్పి కాపి, వేలితో తట్టి చూసి, "ఇంకొంచెం కావాలె" అంటుంటే ఆయన చెవి మా ప్రయోగశాలలోని ఏ పరికరానికీ తీసిపోదని నాకు తెలిసింది. పిల్లలకూ తెలిసింది.

సాంకేతికతను అప్పుడు బయటికి తీశాను. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ నా ఫోనులో ఉంది. అది శబ్దంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో గీత గీసి చూపిస్తుంది. కాపక ముందు ఒకసారి, కాపాక ఒకసారి కొట్టించాం. గీతలో ఎత్తయిన శిఖరం కుడివైపుకు జరిగింది. తబలా వీడియో ఇంగ్లీషు మాటతో చివరిదాకా నడిచి ఉంటే ఆ ప్రశ్న ఆ పిల్లాడి గొంతులోనే ఉండిపోయేది. ఆ ఫోను కూడా నా సంచిలోంచి బయటికి వచ్చేది కాదు.

చిన్నవి రెండు. ప్యానెల్ పెన్ను అన్నీ చకచకా చేసే అబ్బాయిలకు ఇవ్వకండి, అడగకుండానే వాళ్లే లాక్కుంటారు. ఇంట్లో ఫోను ముట్టనివ్వని ఆడపిల్లల చేతికివ్వండి. వైర్లు ఊడితే బిగించే పని కూడా వాళ్లకే అప్పగించండి. ఆలస్యమవుతుంది, పర్వాలేదు. ఇక వాట్సాప్‌లో హోంవర్కు పంపడం మానేయండి. ఇంట్లో ఫోను పొద్దున్నే నాయనతో పనికి పోతుంది, రాత్రికి వస్తుంది, చాలాసార్లు చార్జింగ్ లేకుండా. మన మెసేజ్ కోసం పిల్ల నిద్రాపుకుని కూర్చుంటుంది.

ఒక్క పాఠం మాత్రం ప్యానెల్ మీద అసలే చెప్పకండి. సౌరకుటుంబం. ఏ తెరమీదైనా సూర్యుడు, పక్కనే భూమి, ఆ పక్కనే బృహస్పతి ఇరుక్కుని కనబడతాయి. పిల్లలు అంతే అనుకుంటారు. వాలీబాల్ తీసుకుని గ్రౌండులో పెట్టండి. అది సూర్యుడు అనుకుంటే భూమి ఒక ఆవగింజ. దాన్ని వేలికొసన పెట్టుకుని ఇరవై రెండున్నర మీటర్ల దూరం నడవాలి. బృహస్పతి రేగుపండంత, 117 మీటర్ల దగ్గర. అంటే మా బడికైతే గేటు దాటి రోడ్డు మీద. నెప్ట్యూన్ సుమారు 680 మీటర్లు, బస్టాండు అవతల. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే వాలీబాల్ కనబడదు. అందరూ కాసేపు ఏమీ మాట్లాడరు, వాళ్లను అలాగే ఉండనివ్వండి. తిరిగి వచ్చేసరికి గంట కొట్టేస్తారు కాబట్టి తర్వాతి పీరియడ్ సారును ముందే అడిగి పెట్టుకోండి. రోడ్డు దాటేటప్పుడు వెంట ఇంకో టీచరు ఉంటే మంచిది.