బియ్యం డబ్బా వైద్యుడు

వెల్దుర్తిలో ఎవరి ఫోను నీళ్లలో పడినా, పిలవకుండానే వస్తాడు మన బియ్యం డబ్బా వైద్యుడు. మిరపచేలో మందు కలుపుతుంటే జేబులోంచి జారి డ్రమ్ములో పడిందా, బోరు దగ్గర తొట్టిలో పడిందా అన్న విచారణ ఉండదు. ఏ రోగానికైనా మందు ఒకటే. "బియ్యం డబ్బాలో పెట్టెయ్యరా అబ్బాయ్, తెల్లారేసరికి లేచి కూర్చుంటది."

పెట్టించి ఊరుకుంటే బాగానే ఉండేది. గంటకోసారి వచ్చి, మూత తీసి, ఫోను బయటికి లాగి స్విచ్ నొక్కుతాడు. "చూశావా, వైబ్రేషన్ వచ్చింది. ప్రాణముంది!"

ఆ ప్రాణం తీసేది ఆ నొక్కుడే. ఫోను లోపలి బోర్డుకు ఉత్త నీళ్లకంటే నీళ్లలోని లవణాలు, వాటి మీదుగా పారే కరెంటు ఎక్కువ చేటు. తడి మీద కరెంటు ఆడినంతసేపూ రాగి గీతలు కరిగి పచ్చటి చిలుము పడుతుంది. ఐసీ చిప్‌ల కింద చేరిన ఉప్పును బియ్యం బయటికి లాగలేదు. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని, సన్నటి నలుసులు ఫోనును పాడుచేస్తాయని 2024లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. ఆ సంగతి ఎవరో చదివి వినిపిస్తే, "ఆళ్లు వరన్నం తింటారా ఏంది?" అని కొట్టిపారేశాడు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అక్కడున్న బావమరిది టీవీ తడిసిందని ఫోన్ చేశాడు. టీవీ పట్టే డబ్బా లేదు. ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే తేరుకుని, "బస్తా విప్పి మీద పోయండి" అన్నాడు. బురద ఎక్కిన బోర్డును ముందు మంచినీళ్లతో కడగాలని ఎవరైనా అంటే మాత్రం, "నీళ్లతో పోయినదాన్ని నీళ్లతోనా?" అని నవ్వుతాడు.

చివరికి అన్ని ఫోన్లూ మాచర్లలోని రిపేరు కొట్టుకే చేరతాయి. అక్కడి కుర్రాడు ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీస్తాడు. ఐసీల మీది రేకు మూతలు లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి, చిలుము పట్టినచోట మెత్తగా రుద్దుతాడు. అది సందుల్లోని నీటితో కలిసిపోయి, చటుక్కున ఆవిరవుతుంది. తర్వాత బ్లోయరుతో సన్నటి సెగ తగిలించి, మల్టీమీటరు పెట్టి ఎక్కడ షార్టు ఉందో చూస్తాడు. ఫోను బతికితే ఆ పేరు బియ్యానికి. బతకకపోతే, కుర్రాడు విప్పి చెడగొట్టాడు.

మొన్న ఒక ఫోను వెంట వైద్యుడు కూడా ఆ కొట్టుకు వెళ్లాడు. కుర్రాడు ఏమీ అనకుండా ఛార్జింగ్ రంధ్రంలోంచి పట్టకారుతో ఒక నూక తీసి అద్దం బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని గోటి మీదికి ఎక్కించి, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదీ సంగతి. రేషన్ బియ్యం పోశారు. బాపట్ల సాంబమసూరి అయితేనా, ఈపాటికి రింగయ్యేది."