పైన పటారం, కింద టైరు

అమెరికాలో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, కరోలా మీద విసుగు పుట్టి, సెకండ్ హ్యాండులో ఒక మస్టాంగో, బీఎండబ్ల్యూ 3 సిరీసో, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్సో కొన్న మన కుర్రవాళ్ళ కోసం ఈ సలహాలు. బండి ఫొటోలు ఇంటికి పంపారు. న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళి వాహనపూజ చేయించారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. టైర్ల గురించి ఆలోచించింది ఆ ఒక్క రోజే. ఇప్పుడవి గుండయ్యాయి. కొత్తవి కొనాలట, అవీ ఆల్‌సీజన్ అయితే మంచిదట. కంగారు పడకండి. ఏం చేయాలో చెబుతాను.

మొట్టమొదటి పని, మార్చకుండా ఉండటం. షాపువాడు ఒక సెంటు నాణెం తీసి, లింకన్ తలకిందులుగా ఉండేటట్టు ట్రెడ్ గాడిలో నిలబెట్టి చూపిస్తాడు. తల మొత్తం బయటికి కనిపిస్తే ట్రెడ్ 2/32 అంగుళం కన్నా తగ్గినట్టే. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు అదే. ఆ హద్దు తగిలేదాకా లాగండి. తడి రోడ్డు మీద పట్టు 4/32 దగ్గరే సన్నగిల్లుతుందనీ, మంచులో తిరగాలంటే 6/32 అయినా ఉండాలనీ చెప్పేవాళ్ళు తగులుతారు. వాళ్ళకు చట్టం తెలియదని కొట్టిపారేయండి. వానకు చట్టం తెలుసా లేదా అన్నది మనకు అనవసరం.

కొందరికి ఇంతకన్నా మంచి అదృష్టం పడుతుంది. గ్యారేజీలో దుప్పటి కప్పి, ఆదివారం మాత్రమే బయటికి తీసే పెద్దాయన దగ్గర బండి దొరుకుతుంది. ట్రెడ్ నిండుగా ఉంటుంది. ఇలాంటి బండికి టైరు పక్కన రాసినవి చదవకండి. డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసకు చివర నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారంలో పుట్టిన టైరు. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి, ట్రెడ్ ఎంతున్నా పట్టు పోతుంది. 2013 నవంబరులో ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షె ప్రమాదంలో దర్యాప్తు అధికారులు ప్రధానంగా వేగాన్నే తప్పుపట్టారు. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ పాతవన్న సంగతి కూడా వాళ్ళే చెప్పారు. మీరు మాత్రం ఆ సినిమాలు అన్ని భాగాలూ చూడండి, ఈ వివరం వదిలేయండి.

ఇక చలి సంగతి. చాలా స్పోర్టీ బండ్లు సమ్మర్ టైర్లతో వస్తాయి. హైదరాబాదులో పెరిగినవాడికి టైరుకు కూడా కాలాలుంటాయని ఎందుకు తోస్తుంది? అక్కడ చలంటే తెల్లవారుజామున 12 డిగ్రీలు, ఒక స్వెట్టరు, ఇరానీ చాయ్. న్యూజెర్సీ ఎడిసన్‌లో నవంబరు దాటితే పొద్దున్నే 7 డిగ్రీల కిందికి, ఇక్కడివాళ్ళ ఫారన్‌హీట్ లెక్కలో 45 కిందికి దిగుతుంది. సమ్మర్ టైరు రబ్బరు ఆ దగ్గర్నుంచే బిగుసుకుపోతుంది. మంచు పడనక్కర్లేదు, పొడి రోడ్డు మీదే బండి జారుతుంది. గడ్డకట్టే చలిలో నడిపితే ట్రెడ్ పగలవచ్చని, ఆ పగుళ్ళకు వారంటీ వర్తించదని తయారీదారులే రాసి పెట్టుకున్నారు. అంత చిన్న అక్షరాలు చదివే ఓపిక మనకెక్కడిది? జనవరి దాకా వాటితోనే కానివ్వండి.

ఎవరైనా అడిగితే ఒక మంత్రం ఉంది: “నాది ఆల్ వీల్ డ్రైవ్ అండీ.” ఈ మంత్రం ముందు భౌతికశాస్త్రం తలొంచుతుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కాబట్టి మంచులో బండి కదలడం సులువవుతుంది, అది నిజమే. సిగ్నల్ పచ్చబడగానే పక్కనున్న పాత కామ్రీ ఇంకా చక్రాలు తిప్పుకుంటుండగానే మీరు దూకుతారు. తర్వాతి సిగ్నల్‌కి దానికన్నా ఎక్కువ వేగంతో చేరతారు. అక్కడ ఆగాలి. ఆగడానికి ఆల్ వీల్ డ్రైవ్ పైసా సాయం చేయదు. బ్రేకులు కామ్రీకి కూడా నాలుగు చక్రాలకే ఉన్నాయి. ఆపేదీ, మలుపులో పట్టి ఉంచేదీ టైరే, అదీ రోడ్డుకు ఆనే అరచేయంత మేరే. ఈ విషయం ఇన్సూరెన్సువాడు చెప్పేదాకా మనం తెలుసుకోకూడదు.

సరే, కొనక తప్పని రోజు వచ్చిందనుకుందాం. టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే చాలు, మంచుకు సరిపోతుందని తేల్చేయండి. ట్రెడ్ గాళ్ళ అమరికను బట్టి ఇచ్చే గుర్తు అది, దానికోసం ఎవరూ మంచులో పరీక్ష పెట్టరు. మంచులో పరీక్ష నెగ్గిన టైరుకు మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ వేస్తారు. స్పోర్టీ ఆల్‌సీజన్లలో చాలావాటికి అది ఉండదు. ఉన్నా, ఆ పరీక్ష చూసేది గట్టిపడిన మంచులో బండిని ముందుకు లాగే శక్తినే, ఆపే శక్తిని కాదు. న్యూజెర్సీ చలికి మంచి ఆల్‌సీజన్ సరిపోవచ్చు, బఫెలోలోనో మిషిగన్ పైభాగంలోనో ఉంటే చలికాలానికి వేరే వింటర్ టైర్ల సెట్టు పెట్టుకోవడం మంచిదని తెలిసినవాళ్ళు అంటారు. రెండు సెట్లంటే అపార్టుమెంటు బాల్కనీలో తులసికోట పక్కన నాలుగు టైర్లు పేర్చాలి. మన వాస్తుకు పడదు.

బ్రాండ్ల దగ్గర మీకు అసలు పని ఉండకూడదు. మిషలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 అనీ, కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ అనీ, పిరెల్లి పీ జీరో ఆల్ సీజన్ ప్లస్ అనీ ఈ తరగతిలో నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. ఆ కాంటినెంటల్ ట్రెడ్‌లో డీ, డబ్ల్యూ, ఎస్ అనే అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. అరిగేకొద్దీ అవి చెరిగిపోతాయి. ఎస్ పోతే మంచులో పనికిరాదని, డబ్ల్యూ కూడా పోతే తడిలో నమ్మవద్దని అర్థం. టైరే నోరు తెరిచి చెబుతోందన్నమాట. అలా ఎదురు చెప్పే టైరు మనకెందుకు? టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె పెద్దగా ఉన్నది చూసి కొనండి. స్పోర్టీ ఆల్‌సీజన్లకు ఆ అంకె 500 అటూ ఇటూగా ఉంటుంది, మీరు 800 ఉన్నది పట్టండి. ఆ అంకెల కోసం టెక్సస్‌లో శాన్ ఆంజెలో చుట్టూ 400 మైళ్ళ దారిలో 7,200 మైళ్ళు తిప్పి చూస్తారు. గ్రేడు వేసుకునేది మాత్రం తయారీదారే, అందుకే ఒక కంపెనీ 500నీ మరో కంపెనీ 500నీ తూకం వేయలేం. పైగా గట్టి రబ్బరు ఎక్కువ మైళ్ళు వస్తుంది, మలుపులో పట్టు తక్కువ ఇస్తుంది. స్పోర్టీ కారు కొన్నది మలుపుల కోసం కాదు కదా, పార్కింగ్ లాట్ కోసం.

సైజు దగ్గర కూడా బుర్ర వాడొచ్చు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. 245/40 ఆర్ 18, 97 వై అని రాసి ఉందనుకోండి. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోస్తుంది. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద హద్దు 65 మైళ్ళే కదా, వై ఎందుకు, 210తో సరిపెట్టే హెచ్ తీసుకుంటే వంద డాలర్లు మిగులుతాయి. ఆ అక్షరంతో పాటు వేడిని తట్టుకునే శక్తి, స్టీరింగు తిప్పగానే స్పందించే గట్టి సైడ్‌వాల్ కూడా వస్తాయని కారు చేసినవాళ్ళు లెక్కేశారు. వాళ్ళకు డీల్స్ వెతకడం రాదు. మిగిలిన ఆ డబ్బుతో 20 అంగుళాల నల్ల రిమ్ములు వేయించండి. పేపరులాంటి సైడ్‌వాల్‌తో బండి ఎంత అందంగా ఉంటుందో! శీతాకాలమంతా పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, కరిగి, మార్చికల్లా రోడ్డు గుంతలమయం అవుతుంది. మొదటి గుంతలోనే రిమ్ము వంకరపోతుంది. స్టెప్నీ ఉంటుందనుకోకండి. చాలా బీఎండబ్ల్యూలు రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తాయి, గాలి పోయినా 50 మైళ్ళ వేగంతో ఓ 50 మైళ్ళు పోనిస్తాయి. వాటిని తీసేసి మామూలువి వేయించండి, గాలిపంపు మాత్రం కొనకండి.

అసలు ఆదా ఇంకోటి ఉంది, రెండే కొనడం. ఆ రెండింటినీ ముందు వేయించండి. షాపువాడు వద్దంటాడు, కొత్తవి వెనక్కే వేస్తానంటాడు. ఇంజను బలం ముందు చక్రాలకే అందే బండి అయినా సరే వెనకే అంటాడు. అతని వాదన ఇది: తడిసిన ఎగ్జిట్ ర్యాంపు మీద వంపు తిరుగుతున్నారు. ముందు కొత్త టైర్లు నీటిని చీల్చుకుంటూ చక్కగా పట్టాయి, స్టీరింగులో మీకు ఏ తేడా తెలియదు, ఆ ధైర్యంతో వేగం తగ్గించలేదు. వెనక అరిగిన టైర్లకు నీటిని తోసేంత గాడి లేదు, అవి నీటి మీద తేలాయి. తోక పక్కకు కొట్టుకొచ్చింది, మీరు బెదిరి కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీశారు, బరువంతా ముందుకు పడింది, బండి బొంగరమైంది. అదే ముందువి జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. ఇంత కథ చెబుతున్నాడంటే నాలుగు అంటగట్టడానికేనని మీరు గ్రహించాలి. డబ్ల్యూఆర్‌ఎక్స్ వాళ్ళయితే మరీ సంతోషంగా రెండే కొనవచ్చు. ముందు, వెనక చక్రాల చుట్టుకొలతలో తేడా వస్తే సెంటర్ డిఫరెన్షియల్ నిత్యం నలిగిపోతుంది. దానికయ్యే బిల్లు ముందు నాలుగు టైర్ల ధర చిల్లర.

గాలి విషయం చిన్నదే. తలుపు స్టిక్కరు మీద 35 అని ఉంటుంది, టైరు మీద గరిష్ఠం 51 అని ఉంటుంది. పెద్ద అంకె మంచిది. ఒకటి మీ బండికి కావలసినది, రెండోది టైరు మోయగల హద్దు అన్న తేడాలోకి పోకండి. ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే గాలి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, అందుకే మొదటి చలి ఉదయం డాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. టైర్లు విచ్చుకుపోయి జనం చనిపోయాక, 2000లో అమెరికన్ కాంగ్రెసు చేసిన చట్టం వల్ల వచ్చిన దీపం అది. దాని మీద చిన్న వినాయకుడి స్టిక్కరు అంటించండి.

వారంటీ 45,000 మైళ్ళని, 50,000 మైళ్ళని రాసి ఉంటుంది. టైర్లు అటూ ఇటూ మార్పించినట్టు రసీదులు చూపిస్తేనే అది దక్కుతుంది కాబట్టి రసీదులు ఎప్పటికప్పుడు పారేయండి. అలైన్‌మెంటుకు నూరు డాలర్లు అడిగితే, స్టీరింగు కొంచెం ఎడమకు పట్టుకుంటే తిన్నగానే పోతోందని చెప్పి వచ్చేయండి. లోపలి అంచు రెండు నెలల్లో అరిగిపోతుంది, లోపలి అంచు ఎవరు చూస్తారు?

చివరిగా, అక్టోబరులో వెళ్ళి కొనకండి. అప్పుడు షాపులో సరుకు ఉంటుంది, అపాయింట్‌మెంటు అడిగిన రోజే ఇస్తారు, కాఫీ తాగేలోపు పని అయిపోతుంది. మొదటి మంచు కురిసిన మర్నాడు పొద్దున్నే బయల్దేరండి. అవే గుండు టైర్లతో, మెల్లగా, హజార్డు లైట్లు వేసుకుని. కాస్ట్‌కో టైర్ సెంటర్ వరుసలో మనవాళ్ళే సగం మంది ఉంటారు, సంక్రాంతి పిండివంటల దాకా మాట్లాడుకోవచ్చు. మీ సైజు మాత్రం ఆ రోజు దొరకదు.