వంకాయ కాదది, ఏనుగు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం మూడు లాంతర్ల దాకా ఏ వీధికి వెళ్ళినా ఇలాంటాయన ఒకరు తగులుతారు. కళ్ళజోడు మరిచిపోయి వస్తారేమో గానీ జేబులో నల్లసిరా పెన్ను మాత్రం మరవరు. ఆయనకో అసలు పేరుంటుంది. అది రేషన్ కార్డు దాటి బయటికి రాదు. వీధి వీధంతా బొమ్మల మాస్టారనే పిలుస్తుంది. ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు.

మాస్టారికి ఏ వస్తువూ ఆ వస్తువులా కనిపించదు. టీ కొట్టులో పేపరు మీద గ్లాసు పెడితే గుండ్రంగా మరక పడుతుంది. మనమైతే పేజీ తిప్పేస్తాం. ఆయన దాని చుట్టూ కిరణాలు లాగి, మీసాలు దిద్ది, అరసవల్లి దాకా వెళ్ళే పని లేకుండా సూర్యనారాయణమూర్తిని అక్కడే ప్రతిష్ఠ చేసేస్తారు. కొట్టువాడు నెత్తి కొట్టుకుంటాడు. "దేవుణ్ణి గీసేసినాక ఈ కాయితంలో బజ్జీలెలా కట్టీది బాబూ?"

ఇంటికి చుట్టాలొస్తే పళ్ళెంలో పలాస జీడిపప్పు పెడతారు. వాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా ప్రతి పప్పుకీ ఓ కన్ను మొలుస్తుంది. పళ్ళెం నిండా చిలకలు! సిరా చిలకల్ని తినే ధైర్యం ఎవరికుంటుంది? కరెంటు బిల్లుదీ అదే గతి. కౌంటర్లో అమ్మాయి "ఎంత కట్టాలండీ, అంకెలు కనపడ్డం లేదు" అంటే, మాస్టారు నిదానంగా "ఒక బాతు, పక్కన రెండు గుడ్లగూబలు" అని 288 రూపాయలు తీసిచ్చారు.

ధనుర్మాసంలో ఆయన ఇల్లాలు పడే పాట్లు చెప్పనలవి కాదు. తెల్లవారుజామున లేచి, 15 చుక్కలు, 8 దాకా సందుచుక్క అని లెక్కగా పెట్టి, ఓసారి లోపలికెళ్ళి వచ్చేసరికి వాకిట్లో చేపలు ఈదుతున్నాయి.

"ఏటండీ ఇది? పక్కింటోళ్ళు చూస్తే ఏటనుకుంటారు?"

"నానేటి చేసినాను? చుక్కలే చేపలమన్నాయి."

ఇదంతా పిచ్చి అంటే మాస్టారు ఒప్పుకోరు, వంశవృక్షం విప్పుతారు. చందమామకి అన్నేసి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే కదా, ఆయన తండ్రి డ్రాయింగ్ మాస్టారే కదా, మరి అదే నాగావళి నీళ్ళు తాగిన నాకు ఆ మాత్రం రాదా అంటారు. పాపయ్య బొమ్మలో చీర మడత కూడా చీర మడతలాగే ఉంటుందన్న సంగతి మనం గుర్తు చెయ్యకూడదు. చేస్తే వెంటనే బొబ్బిలికి మళ్ళుతారు. "గొల్లపల్లిలో పనసమొద్దుని చూసి వీణ అంటే మెచ్చుకుంటారు. నేను వంకాయని చూసి ఏనుగంటే నవ్వుతారా?"

"వాళ్ళ వీణ పలుకుతుంది మాస్టారూ."

"నా ఏనుగు కూరకి కూడా పనికొస్తుంది."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

ఒకసారి ఎవరో కుర్రాడు, 1942లో పికాసో పాత సైకిలు సీటూ హ్యాండిలూ కలిపి ఎద్దు తల చేశాడని చెప్పాడు. మాస్టారికి ఆనలేదు. "గీతేదీ? అతికించాడంతే!" అని తీసిపారేశారు. ఇల్లాలు మాత్రం ఎందుకైనా మంచిదని ఇంట్లో సైకిలుకి తాళమేసి, చెవి కొంగున ముడేసుకుంది.

ఇన్నాళ్ళుగా చూస్తున్నాను కదా, నా అనుమానం ఒకటుంది. మాస్టారికి ఉన్నదాన్ని ఉన్నట్టు వెయ్యడం రాదు. కుర్రతనంలో లోయర్ డ్రాయింగ్ పరీక్షకి కూర్చున్నారట. బల్ల మీద బిందె పెట్టి వెయ్యమంటే అందరూ బిందె వేశారు. ఈయన బిందెకి తలపాగా చుట్టి, బొజ్జ మీద గొలుసు వేలాడదీసి, జమీందారుగారిని చేశారు. ఫలితం గురించి అడిగితే "దిద్దినాయనకి కళ్ళు లేవు" అంటారు.

మొన్న మనవరాలికి బళ్ళో హోంవర్కిచ్చారు, ఏదైనా కూరగాయ బొమ్మ వేసుకు రమ్మని. తాతగారు వంకాయతోనే మొదలెట్టారు. తొడిమ బాగా కుదిరింది, పొట్టా కుదిరింది. ఇంక చెయ్యి ఆగలేదు. మర్నాడు టీచరమ్మ ఎర్రసిరాతో "ఏనుగు బాగుంది. కూరగాయ ఏదీ?" అని రాసి పంపింది. గుంట వచ్చి నిలదీస్తే మాస్టారు కాసేపు ఆలోచించి, తొండం చివర ఓ బెండకాయ పెట్టారు. దానికీ కన్ను పెట్టబోతుంటే పిల్ల పుస్తకం లాక్కుని వీధిలోకి పరిగెత్తింది.