రెండంగుళాల ఎత్తు

మా బావమరిది పికప్ ట్రక్కు వెనకనుంచి ‘టక్’ మంటోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. వాడికది వినపడదు. పక్క సీట్లో కూర్చున్న పాపానికి నాకు మాత్రం ఇంటికొచ్చి పడుకున్నా వినపడుతూనే ఉంది.

బండి ఎందుకు లేపించాడని అడక్కండి. లేపించేవాళ్లంతా ఎందుకు లేపిస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వెనక ఇరుసుకీ కమాన్ కట్టకీ మధ్య రెండంగుళాల ఇనుప దిమ్మ పెట్టించి, పొడుగు యూ బోల్టులు బిగించుకొచ్చాడు. “గ్రౌండ్ క్లియరెన్స్ బావా!” అన్నాడు. వంగి చూశాను. బాడీ లేచిన మాట నిజమే. ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ మాత్రం అంగుళం కూడా కదల్లేదు. అది లేవాలంటే పెద్ద టైర్లు వెయ్యాలి తప్ప ఎన్ని దిమ్మలు పెట్టినా లాభం లేదు. పైగా కొత్త యూ బోల్టుల కొసలు ఇరుసు కిందికి వేలాడుతున్నాయి, దారిలో ఏ రాయి ఉన్నా ముందు పలకరించడానికి.

విజయవాడ ఆటోనగర్లో కమాన్ మేస్త్రి బండి కింద దూరి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి తేల్చేశాడు: “బండి లేచింది గానీ షాకప్‌లు లేవలేదండీ.”

బండి నిలబడి ఉన్నప్పుడు షాకప్ సగం సాగి, సగం దాచుకుని ఉండాలట. మావాడిది నిలబడ్డప్పుడే రెండంగుళాలు ఎక్కువ సాగి ఉంది. చక్రం కిందికి జారగానే కొసకి వచ్చేసి టక్కుమంటోంది. బ్రేకు హోసు బిగదీసుకుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి, వేగం పెరిగితే సీటు వణుకుతోంది. పొడుగు షాకప్‌లు వేస్తే పోదా అంటే, నిండా లోడెక్కినప్పుడు అవి పూర్తిగా ముడుచుకుని అడుగు తంతాయిట. తన్నకుండా బంప్ స్టాప్ కిందికి దించాలి. దించితే కమాన్ ఆడే సందు తగ్గిపోతుంది. అచ్చం అన్నదమ్ముల స్థలం తగాదా. ఒకడికి రెండంగుళాలు కలపాలంటే ఇంకొకడి గోడ జరగాల్సిందే.

ఇదంతా ఒక ఎత్తు, మా అత్తగారి మోకాళ్లు ఒక ఎత్తు. ఆవిడ వెనక సీటెక్కాలంటే ఇప్పుడు పీట కావాలి. వంటింట్లో కూరలు తరుక్కునే ముక్కాలి పీట బండెక్కింది. మంగళగిరి గుడి దగ్గర ఆవిడ దిగి దర్శనానికి వెళ్లొచ్చేసరికి పూలమ్మే ఆవిడొకామె పీటమీద కూర్చుని బేరాలాడుతోంది. లేవమంటే, “కూర్చున్నాక లేపుతారా?” అంది. రెండు మూరలు కొంటేగానీ లేవలేదు. తరవాత బంధువుల పెళ్లిలో వీడియో అబ్బాయి దానిమీదెక్కి తలంబ్రాలు తీశాడు. ఆ హడావిడిలో ఎవరో దాన్ని తీసుకెళ్లి చదివింపుల బల్ల దగ్గర పెట్టారు. అక్కడ కూర్చున్న పెద్దాయన పుస్తకంలో మా అత్తగారి పేరుమీద “ముక్కాలి పీట ఒకటి” అని రాసుకున్నాడు. రాసింది కొట్టేస్తే అశుభమట. చివరికి వెయ్యినూటపదహార్లు చదివించి పీట విడిపించుకున్నాం. “అల్లుడుగారూ, ఈసారి దీనిమీద పేరు రాయించండి,” అన్నారు అత్తగారు. రాయించాను. బండి మీద లేని మా ఇంటిపేరు ఇప్పుడు పీట మీద ఉంది.

మొన్న బావమరిదిని సూటిగా అడిగాను: “ఒరేయ్, ఇంతకీ ఈ ఎత్తు ఎక్కడ వాడతావురా?”

“మన చేలోకి బావా, వానాకాలం.”

ఆ నల్లరేగడి దారి నాకూ తెలుసు. పెళ్లైన కొత్తలో ట్రాక్టరు కూడా దిగబడితే మామగారు పంచె ఎగ్గట్టి ముందు నడిచేవారు. ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు పడింది, రెండు వైపులా ప్లాట్ల హద్దురాళ్లు. మా చేనొక్కటే మిగిలింది. మామగారు లేరు. బురదే లేని దారికి వీడు బండి లేపించాడు. ఆ మాట పైకి అనలేకపోయాను.

బండి లేపే ఆలోచనలో ఉన్నవారికి నా మనవి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఒకసారి చదవండి. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ పొంతన లేకుండా బండిని మార్చడం కుదరదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇప్పటికే లేపించేసినవారు కొన్ని వందల కిలోమీటర్లు తిరగ్గానే యూ బోల్టులు మళ్లీ బిగింపించండి. అవి వదులవుతాయి.