మృగశిర లేని చలివేంద్రం

ఎండాకాలం వస్తే మా కంబదూరులో ఎవరో ఒకరు చలివేంద్రం పెడతారు. నాలుగు గుంజలు, పైన కొబ్బరి మట్టలు, కింద తడి ఇసుక, దాని మీద కుండలు. మొదటి రోజు నీళ్లు తాగినాయన రెండు చేతులెత్తి దండం పెడతాడు. పదో రోజుకు "ఏమప్పా, నీళ్లు సల్లగా లేవే?" అంటాడు. ఇరవయ్యో రోజుకు "మజ్జిగ యాడ?" అని నిలదీస్తాడు.

నేనూ ఒక చలివేంద్రం పెట్టా. కాకపోతే నాది కంప్యూటర్లో.

ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే యాడాన్ ఉండేది. పాత ఫాంట్లతో ఉన్న తెలుగు పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి, పాత రకం యాడాన్లన్నిటికీ తలుపు మూసేసింది. ఆ ఊపులో నేను, డీటీపీ అంగళ్లలో కొట్టిన ఫైళ్లను మార్చే చిన్న ప్రోగ్రాము రాసి, కోడుతో సహా గిట్‌హబ్ అనే సైటులో ఊరికే పెట్టా. ఆ ఫైళ్లను ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపి ఎవరో మనల్ని తిట్టినట్టు ఉంటుంది.

తర్వాత నిజంగానే తిట్టారు. పాత ఫాంటు 'మ'ను రెండు ముక్కలుగా రాస్తే, నా ప్రోగ్రాము తొందరపడి 'వు' అనుకుంది. ఒకాయన స్వాగతపత్రంలో మంత్రిగారు 'వుంత్రి'గారై కూర్చున్నారు. అచ్చు కూడా అయిపోయింది. ఆయన రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, నా చదువు ఎంతవరకో విచారించాడు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న మన అక్షరం ఒక్కటి ఐఫోన్లను పడగొట్టింది. అదీ నా పనేనేమోనని ఇద్దరు అడిగారు. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 తెచ్చి సర్దుకున్నారు. వాళ్లకు జీతాలు తీసుకునే ఇంజనీర్లున్నారు. నాకు మా జేజి ఉంది.

"ఎంతిస్తారు రా దీనికి?" అంది జేజి.

"ఏమీ ఇయ్యరు జేజీ."

"మల్ల ఎందుకు అంత బయపడతావు వాళ్లకి?"

పెద్దపెద్దోళ్లే మానుకున్నారు. పైథాన్ అనే కంప్యూటర్ భాషను పుట్టించిన గైడో వాన్ రోసమ్, రెండు చుక్కల పక్కన సమానం గుర్తు పెట్టాలా వద్దా అన్న తగువుతో విసిగి 2018 జులైలో పక్కకు జరిగాడు. వారసుణ్ణి కూడా చెప్పలేదు. మా దగ్గర గట్టు తగువులైనా అంతదూరం పోవు.

పోనీ ఎవరికైనా అప్పజెబుదామంటే అదో గండం. ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామును ఏండ్ల తరబడి ఒక్కడే మోసి అలసిపోయిన మనిషి దగ్గరికి, సాయం చేస్తానని ఒకరొచ్చారు. నమ్మకం కుదిరాక కుండలో విషం కలిపారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వితే బయటపడింది. లేకపోతే లోకంలో ఎన్ని సర్వర్లు ఆ నీళ్లు తాగేవో.

నా బాధంతా ఒకటే. చలివేంద్రానికి మృగశిర కార్తె ఉంది. మా అనంతపురం జిల్లాలో వాన రాకపోయినా సరే, కార్తె రాగానే పందిరి విప్పుతారు. ఎవరూ ఏమీ అనుకోరు. సాఫ్ట్‌వేరుకు ఆ కార్తె లేదు. పన్నెండు నెలలూ రోహిణే.

అందుకని నేనే పెట్టుకున్నా. ఏడేండ్ల తర్వాత, మృగశిర నాడు పొద్దున్నే గిట్‌హబ్‌లో 'ఆర్కైవ్' మీట నొక్కా. కోడు అక్కడే ఉంటుంది, కావాల్సినోళ్లు నకలు తీసుకోవచ్చు. ఫిర్యాదు పెట్టడానికి మాత్రం వీలుండదు.

"కుండ బోర్లించినావా?" అంది జేజి.

"బోర్లించినా."

సాయంత్రం ఫోన్. "అన్నా, నీది లేకపోతే మా అంగడి నడవదన్నా. ఎంత కావాలో చెప్పు, ఇస్తా."

ఏడేండ్లలో ధర అడిగిన మొదటి మనిషి! గొంతులో ఏదో అడ్డుపడింది.

"డబ్బులొద్దు తమ్ముడూ. నీకు కోడింగు వచ్చునా?"

అటువైపు ఫోన్ కట్టయింది.