నెలకో మిల్లీమీటరు

పిల్లల పళ్ళ గురించి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శాస్త్రానికి కొదవలేదు. డాక్టర్లు చెప్పేది తప్ప అన్నీ అందులో ఉన్నాయి. పసిబిడ్డకు ముందు పైపన్ను వస్తే మేనమామకు గండం. ముందుపళ్ళ మధ్య సందుంటే అదృష్టజాతకం. పన్ను మీద పన్నొస్తే ఇక చెప్పేదేముంది, మహర్దశ. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరితే కొత్తది ముత్యంలా వస్తుంది. మా ఇంట్లో ఈ చివరి క్రతువుకు హేతువాదం అడ్డు రాలేదు, అపార్ట్‌మెంటు అడ్డొచ్చింది. మూడో అంతస్తు వాళ్ళకు కప్పంటే నాలుగో అంతస్తు వాళ్ళ హాలు. పైగా విజయవాడలో పది నిమిషాల్లో బిర్యానీ తెచ్చిచ్చేవాళ్ళున్నారు గానీ, పచ్చిపేడ తెచ్చేవాళ్ళింకా బయల్దేరలేదు.

మా అమ్మాయి పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ రావడానికి ఆ పేడ లోపమే కారణమని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం కష్టం. మా ఇంట్లో వంకర లేని పలువరుస ఆవిడ ఒక్కదానిదే. అది రాత్రిళ్ళు గ్లాసులో ఉంటుంది.

పిల్లలకు క్లిప్పులు వేయించే ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఆ దారిన నాలుగడుగులు ముందు నడిచినవాడిగా కొన్ని సంగతులు చెబుతాను.

మొదటిది వయసు. పిల్లలను ఏడేళ్ళలోపే ఒకసారి పళ్ళ వరస చూసే డాక్టరుకు చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సలహా. మనవాళ్ళు ఆ వయసుకు చూపించేది అబాకస్ సెంటరు. ఏడేళ్ళకే క్లిప్పులు బిగిస్తారని కంగారుపడక్కర్లేదు. పాలపళ్ళు కొన్ని, అసలు పళ్ళు కొన్ని కలిసి ఉండే వయసది. దవడలు ఎటు పెరుగుతున్నాయో, రాబోయేవాటికి చోటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. చాలామందికి డాక్టరు రాసేది ఒక్కటే మందు: ఆర్నెల్లాగి రండి.

రెండోది ఎవరికీ తెలియని రహస్యం. ఆరో ఏట పాలపళ్ళ వరసకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండా, చడీచప్పుడూ లేకుండా నాలుగు పెద్ద దవడపళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి అవి కూడా పాలపళ్ళేననుకుంటాం. పుచ్చితే, "ఎలాగూ ఊడేదేగా" అంటాం. అది ఊడేది కాదు, పోతే మళ్ళీ వచ్చేదీ కాదు. ఆ మాటకొస్తే పాలపన్ను కూడా వేళకు ముందే పోగూడదు. ఊరి చివర స్థలం కొని కంచె వేయకుండా వదిలేసినవాళ్ళకు ఏం జరుగుతుందో, అప్పుడు పంటిచిగురుకు అదే జరుగుతుంది. పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు, అసలు హక్కుదారు వచ్చేసరికి జాగా ఉండదు.

మూడోది బంధువుల బెడద. ఎనిమిది, పదకొండేళ్ళ మధ్య చాలామంది పిల్లల ముందుపళ్ళు విడివిడిగా, చెరోవైపు తిరిగి కనిపిస్తాయి. పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా ఎవరో ఒకావిడ పిల్ల గడ్డం పట్టుకుని, "అయ్యో, బంగారంలాంటి మొహానికి..." అంటూ వాక్యం సగంలో ఆపేస్తుంది. కాస్త ఓపిక పడితే కోరపళ్ళు దిగాక ఆ సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ఆ వయసులో సగంమంది పిల్లలకు కావలసింది వైద్యం కాదు, పేరంటాలకు సెలవు. నాలుగేళ్ళు దాటినా వేలు చీకుతుంటే, నోరు తెరుచుకుని నిద్రపోతుంటే మాత్రం ఊరుకోకూడదు. వేలు పైపళ్ళను ముందుకు తోస్తుంది. నోటితో గాలి పీల్చే పిల్లలను ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక అడ్డేదో ఉండగా పళ్ళను తిట్టి లాభం లేదు.

ఇక డాక్టరు ఎంపిక. బీడీఎస్ తర్వాత ఇదే విషయం మీద మూడేళ్ళు ఎండీఎస్ చదివినవాళ్ళను వెతుక్కోండి. బోర్డు మీద నవ్వుతున్న అమ్మాయి ఫొటో ఎంత పెద్దదన్నది అర్హతల కిందికి రాదు. మాకు దొరికిన డాక్టరు చిన్నవయసు ఆవిడ, నెమ్మదస్తురాలు. మొదటిరోజే దవడలు మొత్తం కనిపించే ఎక్స్-రే, తల పక్కనుంచి ఇంకో ఎక్స్-రే, పళ్ళ అచ్చులు, ఫొటోలు తీయించింది. ఆ ఫైల్లో 'క్లాస్ టూ' అని రాసింది. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోందని మా అమ్మ సరిదిద్దబోయింది. అది పళ్ళ తరగతి. ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా డాక్టరు 1899లో పై దవడకూ కింది దవడకూ పొత్తు కుదిరిన తీరును బట్టి మనుషుల నోళ్ళను మూడు తరగతుల్లో కూర్చోబెట్టాడు. శతాబ్దం దాటినా ఎవర్నీ ఆ బడి మానిపించలేదు.

తర్వాత అసలు బాంబు పడింది. పైన రెండు, కింద రెండు పళ్ళు తీసేయాలట.

"వంకర తీయమంటే పళ్ళు తీస్తానంటుందేంట్రా ఈ అమ్మాయి? అదీ నిక్షేపంలాంటి పళ్ళు!" అంది మా అమ్మ, డాక్టరుకు వినపడేలాగే.

"దవడ చిన్నది బామ్మగారూ, పళ్ళు పెద్దవి. అన్నిటికీ చోటు చాలదు. అందరికీ తీయం, అవసరమైనవాళ్ళకే."

"మా కాలంలో అన్ని పళ్ళకీ చోటుండేది."

"ఇప్పుడు మీకెన్ని ఉన్నాయండీ?"

మా అమ్మ ఆ తర్వాత ఎక్స్-రే వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది.

రకాల విషయానికొస్తే, మామూలు లోహం క్లిప్పులు వేలల్లో తేలతాయి. పంటి రంగులో కలిసిపోయే సిరామిక్‌వి ఇంకాస్త పైకెళ్తాయి. క్లిప్పులూ తీగలూ లేని పారదర్శకమైన అలైనర్లు చాలాచోట్ల లక్ష దాటతాయి. ఈ చివరివాటిని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీని 1997లో స్టాన్‌ఫర్డ్‌లో బిజినెస్ చదువుకున్న ఇద్దరు మొదలుపెట్టారు. పళ్ళ డాక్టర్లు కానివాళ్ళు పెట్టారు కనుకే ధర అలా ఉందని మా ఆవిడ అభిప్రాయం. అలైనర్లను తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు. అది వాటి గొప్ప. మిగతా 20, 22 గంటలూ గుర్తుగా పెట్టుకునే ఉండాలి. అది వాటి ముప్పు. టర్ముకో వాటర్ బాటిల్, నెలకో టిఫిన్‌డబ్బా మూత బడికి విరాళమిచ్చే పిల్ల చేతికి లక్ష రూపాయల వస్తువు ఇవ్వడం ఎందుకని లోహానికే ఓటేశాం. మా అమ్మాయికి చిన్నప్పుడు ముందు పైపన్నే వచ్చింది. మేనమామకు రావలసిన గండం పన్నెండేళ్ళు ఆలస్యంగా, చిరునామా తప్పి, బిల్లు రూపంలో నాకొచ్చింది.

క్లిప్పులు వేసిన మొదటి నాలుగైదు రోజులు పళ్ళు సలుపుతాయి, బుగ్గ లోపల ఒరుసుకుంటుంది. దానికి మైనం ఇస్తారు, గుచ్చుకునేచోట అద్దుకోవాలి. పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, పప్పన్నం. చల్లనివి తింటే కాసేపు హాయిగా ఉంటుందని డాక్టరు చెప్పినప్పుడు మా అమ్మాయి నావైపు చూసిన చూపులో ఐస్‌క్రీము పార్లరు మొత్తం ఉంది.

ఆ తర్వాత నిషేధాల జాబితా. దీన్ని తెలుగుదేశంలో పుట్టిన ఎవరో పగబట్టి రాసినట్టుంది. జంతికలు వద్దు, చెక్కలు వద్దు, చేగోడీలు వద్దు, సకినాలు వద్దు. చెరకు వద్దు, పల్లీపట్టీ వద్దు, మొక్కజొన్న పొత్తు కొరకొద్దు, జామకాయ ముక్కలు కోసుకోవాలి, కోడికాలు జోలికి పోవద్దు, ఆవకాయలో టెంక ఉన్న ముక్క ముట్టొద్దు. ఇవన్నీ పోతే సంక్రాంతి అనే పండుగలో మిగిలేది ముగ్గు. గట్టివాటిని కొరికితే క్లిప్పు ఊడుతుంది, ఊడినప్పుడల్లా వైద్యం వెనక్కి జరుగుతుంది. ఆత్రేయపురం పూతరేకుల మీద మాత్రం డాక్టరు కన్నెర్ర చేయలేదు. నోట్లో పెట్టగానే కరిగిపోతాయి, కొరకాల్సిన పనిలేదు. తిన్నాక బ్రష్ చేసుకుంటే చాలంది. మా అమ్మాయి బ్రష్ చేసుకోవడానికి ఎప్పుడూ లేనంత ఉత్సాహం చూపించింది.

సిరామిక్ క్లిప్పుల వాళ్ళకు మరో శత్రువు పసుపు. క్లిప్పుల చుట్టూ తగిలించే బుల్లి రబ్బరు రింగులు పారదర్శకంగా ఉంటే, ఎవరికీ కనిపించకూడదని మురిసిపోతూ వెళ్ళి ఒక్క పూట పులిహోర తింటే చాలు, సాక్ష్యం అందరికీ కనిపిస్తుంది. మా అమ్మాయి ఆ బాధ లేకుండా రంగు రింగులే అడిగింది. వెళ్ళినప్పుడల్లా వాటిని మారుస్తారు. సన్‌రైజర్స్ గెలుస్తుంటే నారింజ రంగు, ఓడుతుంటే నలుపు. ఐపీఎల్ రోజుల్లో వీధివాళ్ళు దాని పళ్ళు చూసి స్కోరు తెలుసుకునేవాళ్ళు.

ఇక్కడ మా బావమరిది ప్రవేశిస్తాడు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఒకరోజు నాకు కుదరక మేనకోడల్ని తీసుకెళ్ళడానికి వచ్చి, చివరికి నన్నూ లాక్కెళ్ళాడు. తీగల్లో భౌతికశాస్త్రం ఉందని అతనికి సరదా. లేత నికెల్-టైటానియం తీగను డాక్టరు వంకర పళ్ళలోంచి వంచి కట్టి, "ఇది తన పాత ఆకారాన్ని గుర్తుంచుకుంటుంది సార్. నోటి వేడికి మళ్ళీ ఆ ఆకారానికి పోవాలని చూస్తూ పళ్ళను వెంట తీసుకుపోతుంది" అంది. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో బయటపడ్డ లోహమది. 1970లలో పిల్లల నోళ్ళలోకి వచ్చింది.

"ఒక్కసారి చెబితే గుర్తుంటుందా! మా కాలేజీలో చేర్పించండి, స్టేట్ ఫస్ట్ వస్తుంది" అన్నాడు మా బావమరిది. తర్వాత అసలు విషయానికొచ్చాడు. "అంతా కలిపి రెండేళ్ళంటున్నారట. ఎందుకండీ అంత?"

"పన్ను జరిగేది నెలకు సుమారు ఒక మిల్లీమీటరు సార్."

"మరీ అన్యాయం. ఇంకొంచెం గట్టిగా బిగించండి, నెలకు రెండు జరుగుతుంది."

"గట్టిగా బిగిస్తే ఆగిపోతుంది సార్."

అతని మొహం చూడాల్సింది. డాక్టరు ఓపిగ్గా చెప్పింది. పన్ను ఎముకలో మేకు దిగినట్టు బిగుసుకుని ఉండదు. రెంటికీ మధ్య పావు మిల్లీమీటరు మందాన మెత్తటి పొర ఉంటుంది, అందులో రక్తనాళాలుంటాయి. పన్నును చిన్నగా నొక్కి అలాగే ఉంచితే, నొక్కుడు పడ్డవైపు కొన్ని కణాలు ఎముకను తినేస్తాయి, రెండోవైపు వేరే కణాలు కొత్త ఎముకను కడతాయి. పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. దాన్ని పక్కకు వంచడానికి 35 నుంచి 60 గ్రాముల బలం చాలు. తొందరపడి ఎక్కువ నొక్కితే ఆ పొరలో రక్తం ఆగిపోయి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. పనిచేసేవాళ్ళే లేకపోతే పని ఎలా జరుగుతుంది? శరీరం వెనకనుంచి వచ్చి ఆ చచ్చిన భాగాన్ని శుభ్రం చేసేదాకా పన్ను కదలదు. మరీ మొండికేస్తే పంటివేరు అరిగి పొట్టిదైపోతుంది కూడా.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. ఒత్తిడి రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపవుతుందన్నది తెలుగు రాష్ట్రాలు విడిపోయాక కూడా ఉమ్మడిగా నిలుపుకున్న సిద్ధాంతం. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్, తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం వీక్లీ టెస్టు, అంతా దాని మీదే నడుస్తుంది. పళ్ళకు ఆ సిలబస్ తెలియదు.

తల్లిదండ్రులకు ఈ వైద్యంలో మిగిలే పని చాలా చిన్నది, అందుకే చాలా కష్టం. తిన్న ప్రతిసారీ బ్రష్ చేయించాలి. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే రెండేళ్ళ తర్వాత క్లిప్పులు పోతాయి, పళ్ళ మీద తెల్లమచ్చలు మిగులుతాయి. సందుల్లోకి దూరే చిన్న బ్రష్ కొనాలి. పైపన్నుకూ కిందిపన్నుకూ తగిలించుకునే రబ్బర్లను పిల్లే వేసుకోవాలి, మనం వేయలేం. అరిస్తే వేసుకున్నట్టు నటిస్తారు. కానీ పళ్ళకు నటన రాదు, మళ్ళీ వెళ్ళేసరికి డాక్టరుకు అంతా చెప్పేస్తాయి.

చివరికి క్లిప్పులు తీసేస్తారు. స్వీట్లు పంచుకుంటారు, జంతికల డబ్బా మూత తీస్తారు. సరిగ్గా అప్పుడు డాక్టరు, పళ్ళను కొత్తచోటే పట్టి ఉంచే రిటైనర్ చేతిలో పెడుతుంది. చిగుళ్ళలోని సాగే పోగులు కొత్తచోటుకు అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది, ఈలోపు వదిలేస్తే పళ్ళను పాతచోటికి లాక్కెళ్తాయి. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు పెట్టుకోమంటారు. హోటల్లో టిష్యూ పేపర్లో చుట్టి పెడితే ప్లేట్లతోపాటు వెళ్ళిపోతుంది. వేడినీళ్ళలో కడిగితే ఆకారం పోతుంది. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి పది దాటితే బామ్మ తనవి తీసి గ్లాసులో వేస్తుంది, మనవరాలు తనది డబ్బాలోంచి తీసి పెట్టుకుంటుంది. డ్యూటీలు మారతాయి.

మా బావమరిదికి ఈ రిటైనర్ సంగతి నచ్చింది. "అయితే మా స్టూడెంట్లకు కూడా ర్యాంకు వచ్చాక ఇలాంటిదొకటి ఉండాలండీ. ఎంట్రన్స్ అయిన వారానికే మొత్తం మర్చిపోతున్నారు. ఏం వాడమంటారు?"

"వేసవి సెలవులు సార్."

"అవి మా దగ్గర స్టాకు లేవండీ" అన్నాడు.