‘అప్‌డేట్ ఇన్‌వాయిస్’ సూత్రాలు: గాజువాక వ్యాఖ్య

అవతారిక: సింహాద్రి అప్పన్నకు దండం పెట్టి మొదలుపెడుతున్నాను. గ్రంథకర్త జీరో అనే న్యూజిలాండ్ అకౌంటింగ్ కంపెనీ. లెక్కలు రాసేవాడు సున్నా అని పేరు పెట్టుకోవడం వినయమో, గడుసుదనమో! గ్రంథమేమో, ఏఐ ఏజెంట్లు బిల్లులు దిద్దడానికి ఆ కంపెనీ ఇచ్చిన ‘అప్‌డేట్ ఇన్‌వాయిస్’ టూల్ మీది వివరణ. ఏజెంట్లకు టూళ్లను జోడించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ బయటపెట్టిన ఎంసీపీ పద్ధతిలో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, నింపవలసిన గళ్ల పట్టిక ఉంటాయి. మామూలు మాన్యువల్‌ని పని చెడ్డాక గాని ఎవరూ తెరవరు. దీన్ని మాత్రం ఏజెంటు పనికి ముందే చదువుతుంది, చదివినదాన్నే నమ్ముతుంది.

మూలం (సారాన్ని సూత్రాలుగా కుదించాను): చిత్తుబిల్లునే దిద్దవలెను. లైనులన్నియు ఇయ్యవలెను. ఇయ్యని లైను పోవును, ఉన్నదైనను. అడుగనిదానిని ముట్టరాదు.

ప్రతిపదార్థం: చిత్తుబిల్లునే = ఓనరు ఇంకా సరే అనని, పార్టీ చేతికి వెళ్లని బిల్లును మాత్రమే; లైనులన్నియు = మారేవీ, మారనివీ కూడా; ఇయ్యని లైను = చెప్పడం మరిచినది; ఉన్నదైనను = నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్నదైనా; పోవును = అడక్కుండానే చెరిగిపోవును; ముట్టరాదు = అతితెలివి చూపరాదు.

అన్వయం: ఆటోనగర్‌లో ఒక ఇనుము వ్యాపారి ఉన్నాడనుకుందాం. చిత్తుబిల్లులో నాలుగు లైన్లు: 8 ఎంఎం, 12 ఎంఎం, 16 ఎంఎం ఊచలు, బైండింగ్ వైరు. 12 ఎంఎం అయిదు టన్నులని రాశారు, కాటా చీటీలో 4.960 వచ్చింది. ఓనరు ఏజెంటుకి చెప్పాడు: “బాబూ, ఆ పన్నెండు ఎంఎం నలభై కేజీలు తగ్గించీ. మిగతాదేటీ ముట్టుకోకు.” ఏజెంటు బుద్ధిగా 12 ఎంఎం లైను ఒక్కటే 4.960 అని పంపింది. తక్కిన మూడూ ఎగిరిపోయాయి. లారీలో నాలుగు రకాల సరుకు, కాగితం మీద ఒకటి. ఓనరు చెప్పిందీ సబబే, ఏజెంటు పంపిందీ సబబే. బిల్లే సబబుగా లేదు.

శంక: ఒక లైను దిద్దితే మిగతావి ఎందుకు పోవాలి?

సమాధానం: ఇది పేరుకే దిద్దుబాటు. పాత జాబితాను మొత్తం ఎత్తేసి, పంపిన జాబితాను దాని చోట పెట్టడమే అసలు పని. స్క్రీను ముందు కూర్చున్న గుమాస్తాకి అన్ని లైన్లూ కళ్లెదుటే ఉంటాయి గనక ఈ తేడా తగలదు. ఏజెంటుకు కళ్లెదుట ఏమీ లేదు. కాబట్టి రెండో సూత్రానికి ముందు ‘ఉన్న బిల్లును మొదట చదివి, దాని లైన్లను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకొని’ అని అధ్యాహారం చేసుకోవాలి. అప్పుడు గాని ‘అన్నీ ఇయ్యి’, ‘అడగనిది ముట్టకు’ అన్న రెండు సూత్రాలకూ సంధి కుదరదు. నా చేతికొచ్చిన పాఠంలో ఆ మాట లేదు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని వెనకటి టీకాకారుడు కోలాచల మల్లినాథసూరి మాటిచ్చాడు. ఈ గ్రంథకర్త అక్కరున్నదాన్ని కూడా మింగేశాడు.

‘లైను పోతుందని ముందే చెప్పాం కదా’ అని కొందరు సమర్థిస్తారు. అది పొసగదు. ఆ ఒక్క లైనునే మార్చేలా టూల్‌ని కట్టి ఉంటే ఈ నాలుగింట్లో రెండు సూత్రాలు పుట్టేవే కావు. గోతి పక్కన బోర్డు పెట్టినంత మాత్రాన గోతి పూడదు.

విశేషం: మొదటి సూత్రానికి మన దేశంలో బరువెక్కువ. 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారి మరో వ్యాపారికి రాసే బిల్లుకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. బిల్లు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కి ఎక్కగానే దానికి ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల గుర్తింపు నంబరు వచ్చి కూర్చుంటుంది. అక్కడ దిద్దుబాటన్నదే లేదు. 24 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు, కాని ఆ బిల్లు నంబరు మళ్లీ పనికిరాదు. దాని మీద ఈ-వే బిల్లు నడుస్తుంటే రద్దు కూడా కుదరదు. లారీ కూర్మన్నపాలెం దాటి అనకాపల్లి దారి పట్టాక నలభై కేజీలు గుర్తొస్తే, ఇక జీఎస్టీ చట్టం 34వ సెక్షను కింద క్రెడిట్ నోటు రాసుకోవడమే గతి. ఏజెంటు చేత ఏం దిద్దించినా కాటా చీటీ వచ్చాక, పోర్టల్‌కి ఎక్కక ముందు, ఆ మధ్యలోనే దిద్దించాలి.

పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా ఎడిట్ లాగ్‌లో పడాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. ఇక్కడ ఓనర్లు ఒక పొదుపు చేస్తుంటారు: గుమాస్తా లాగిన్నే ఏజెంటుకీ ఇచ్చేస్తారు. అప్పుడు మాయమైన మూడు లైన్లూ లాగ్‌లో గుమాస్తా పేరు మీదే పడతాయి. ఆడిటర్ వచ్చి అడిగేదీ అతణ్నే. ఏజెంటుకు వేరే లాగిన్ తీయండి, దానికి చిత్తుబిల్లు వరకే అధికారం ఇవ్వండి. ఇది మూలంలో లేదు, టీకాకారుడి చొరవ.